మిస్ వెర్లీన్ ఫోన్ల గొలుసు

మా వీధి మొదట్లో రెండు ఇనప స్తంభాల మధ్య ఒక బోర్డు ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ‘మా వీధికి స్వాగతం’ అని, దాని కింద ఏమేం చెయ్యకూడదో రాసి ఉంటాయి. బంతాట ఆడకూడదు, కార్లు కడగకూడదు, పాటలు గట్టిగా పెట్టకూడదు, మూలన ఊరికే నిలబడకూడదు, ఇంకా బోలెడు. స్వాగతం ఒక లైను, మిగతావన్నీ వద్దులు. “మా అత్తగారు కూడా నన్నింత మర్యాదగా ఇంట్లోకి రానివ్వలేదు” అని నేనోసారి అంటే, ఆ బోర్డు పెట్టించిన వెర్లీన్ ప్యూరిఫాయ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

షికాగో వెస్ట్ సైడ్‌లో బోర్డు లేని వీధైనా బతుకుతుందేమో గానీ, వెర్లీన్ లాంటి మనిషి లేని వీధి బతకదు. మా వీధి సంఘానికి ఎన్నో ఏళ్ళుగా ఆవిడే ప్రెసిడెంటు. మంచు కరగడం ఆలస్యం, ఇంటింటి తలుపూ కొట్టి చీపుర్లు పట్టించేది. పాత కారు టైర్లకు తెల్ల రంగు వేయించి, వాటిలో మట్టి నింపి పూలమొక్కలు పెట్టించేది. ఆగస్టులో వీధికి రెండు వైపులా అడ్డాలు పెట్టించి పండగ చేయించేది. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, మెళ్ళో ఎప్పుడూ ఒక ఈల. ఆ ఈల వినపడితే అరవై దాటిన నేను కూడా చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేవాణ్ణి. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మిస్ వెర్లీన్. పక్కింటివాణ్ణి, ఆవిడ ఈడువాణ్ణి కాబట్టి నాకు మాత్రం ఉత్త వెర్లీన్.

వీటన్నిటికంటే ఆవిడకు గర్వం ఫోన్ల గొలుసు మీద. వీధి మూలన కుర్రాళ్ళు గుంపు కడితే, చూసినవాళ్ళు ముందు పోలీసులకు ఫోన్ చెయ్యాలి. ఆ తర్వాత తన వంతుకొచ్చిన ఇద్దరికి చెయ్యాలి. ఆ ఇద్దరూ పోలీసులకు చేసి, మళ్ళీ చెరో ఇద్దరికి చెయ్యాలి. ఒక్కరు పిలిస్తే పోలీసు బండి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక. వీధి వీధంతా పిలిస్తే కప్పులో కాఫీ చల్లారేలోపు వస్తుంది. నిలబడ్డది ఎవరు, ఎందుకు నిలబడ్డారు అని అడగడం గొలుసులో లేదు. “మూలన ముగ్గురు” అనాలి, పెట్టెయ్యాలి. అడుగుతూ కూర్చుంటే గొలుసు నడవదని వెర్లీన్ వాదన.

ఆవిడ పుట్టింది మిసిసిపీలో. చిన్నప్పుడే తల్లి చెయ్యి పట్టుకుని, చెప్పుల అట్టపెట్టెలో వేయించిన కోడి ముక్కలు పెట్టుకుని, రైలెక్కి షికాగో వచ్చింది. వయసు రాగానే మిఠాయి ఫ్యాక్టరీలో చేరి, కారమెల్ బిళ్ళలకు కాగితం చుట్టే వరసలో జుట్టు నెరిసేదాకా నిలబడింది. ఆ రోజుల్లో గాలి అటునుంచి వీస్తే వీధంతా కాగిన చక్కెర వాసన. ఆవిడ పక్కనే నిలబడి బిళ్ళలు చుట్టిన మనిషి లొరెట్టా గెయిన్స్, ఆవిడకు అవతలి పక్కింటి మనిషి. ఇద్దరూ ఒకే బస్సులో పనికి వెళ్ళి, ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్ళు. ఆ లొరెట్టా ఒక్కగానొక్క కొడుకు కోర్టెజ్. ఈ చెప్పేదంతా వాడి మూలంగా వచ్చిందే.

ఫ్యాక్టరీ ఒక ఏడాది సామాను సర్దుకుని వేరేచోటికి పోయింది. అంతకుముందే పోస్టులో సామాన్లు పంపే పెద్ద గిడ్డంగి పోయింది. మగవాళ్ళు పొద్దున్నే భోజనం డబ్బాలు పట్టుకుని బస్సెక్కే మూల మిగిలింది గానీ, బస్సెక్కి వెళ్ళడానికి పని మిగల్లేదు. తండ్రులు బస్సు కోసం నిలబడ్డ చోటే కొడుకులు ఊరికే నిలబడ్డారు.

సిటీ వాళ్ళు అప్పట్లో ఒక చట్టం తెచ్చారు. ముఠా మనిషితో కలిసి మూలన నిలబడి, పొమ్మన్నా పోకపోతే పట్టుకెళ్ళొచ్చు. కోర్టెజ్‌కి అప్పుడు పదిహేడు, ఒకరోజు మూలన నిలబడ్డవాళ్ళలో వాడూ ఉన్నాడు. ఆ నలుగురిలో ఒకడు ముఠావాడు, కోర్టెజ్‌తో సహా మిగతా ముగ్గురూ ఆ ముఠావాడితో బడికెళ్ళినవాళ్ళు. గొలుసు నడిచింది, బండి వచ్చింది, నలుగుర్నీ ఎక్కించుకుపోయింది. త్వరలోనే వదిలేశారు గానీ, ఆ తర్వాత కోర్టెజ్ ఎక్కడ పని అడిగినా వాళ్ళు “ఎప్పుడైనా అరెస్టయ్యావా?” అనడం, వీడు నిజం చెప్పడం, వాళ్ళు కబురు చేస్తామనడం. ఆ కబురు ఎప్పుడూ రాలేదు. వీధిలోనూ అదే వరస. అంతకుముందు ‘లొరెట్టా కొడుకు’ అన్నవాళ్ళే ‘ఆ మూలనుండేవాడు’ అనడం మొదలుపెట్టారు. పిల్లలు వాడితో మాట్లాడుతుంటే లోపలికి పిలిచేవాళ్ళు. ఇక వాడితో మాట్లాడేది మూలనున్నవాళ్ళే.

మా దగ్గర పాత ఇనుము ఏరుకోవడం తప్పు కాదు. పారేసిన స్టవ్వో, విరిగిన మంచమో సూపర్ మార్కెట్ బండిలో వేసుకుని తుక్కు కొనేవాళ్ళ దగ్గరికి తోసుకుపోతారు. అదీ ఒక పనే. కోర్టెజ్ అలాగే మొదలుపెట్టాడు. వెంట తిరిగినవాళ్ళు ఇనుముకంటే రాగి మేలని నేర్పారు. రాగి చెత్తలో దొరకదు, తాళం వేసిన ఇళ్ళ గోడల్లో ఉంటుంది. మూలమీది ఇల్లు అప్పటికే ఖాళీ. దాని పక్కిల్లు నాది, రెంటికీ గోడ ఒకటే. వీడు వెళ్ళి ఆ ఇంట్లో నీళ్ళ గొట్టాలు కోసుకుపోయాడు. నీళ్ళు కట్టెయ్యాలన్న జ్ఞానం కూడా లేదు వెధవకి. తెల్లారి చూస్తే నా సెల్లార్ నిండా నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ నా బ్లూస్ పాటల రికార్డుల అట్టలు. మా నాన్న కొన్నవి కొన్ని, పెళ్ళినాటి నుంచీ నేను కూడబెట్టుకున్నవి మిగతావి. వాణ్ణి నేను క్షమించేశానని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇప్పటికీ క్షమించలేదు.

కోర్టెజ్‌కి జైలు పడింది. వాడు లోపల ఉండగానే లొరెట్టా గుండె ఆగి పోయింది. ఇల్లు చేతులు మారింది, కిటికీలకు చెక్కలు కొట్టారు.

ఒక శీతాకాలం మా చర్చి కింది హాల్లో మాట్లాడటానికి యూనివర్సిటీ నుంచి ఒకావిడ వచ్చారు. పేరు డాక్టర్ ఫెల్డర్. మా నల్లజాతి మనిషే, సౌత్ సైడ్‌లో పెరిగారట. మనుషులు నేరాలెందుకు చేస్తారన్నది ఆవిడ చదువు. ‘చేసేవాడి పొగరు, పడేవాడి ఖర్మ, దీనికి చదువొకటా’ అనుకుంటూ నేను కాఫీ గిన్నె పక్కన కూర్చున్నాను.

ఆవిడ గోడకు ఊరి పటం ఒకటి తగిలించారు. “ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న ఈ పేటలు చూడండి. ముందు ఇక్కడ ఐరిష్‌వాళ్ళున్నారు. వాళ్ళు పోయాక పోలండ్‌వాళ్ళు, ఇటలీవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత మనం వచ్చాం. మనుషులు మారారు గానీ కోర్టుకెక్కే కుర్రాళ్ళు మాత్రం ఎప్పుడూ ఈ పేటల్లోనే ఎక్కువ. వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు మంచి పేటలకు వెళ్ళాక బాగానే బతికారు. అంటే ఇది రక్తంలో ఉన్నది కాదు” అన్నారు.

వెర్లీన్ చెయ్యెత్తింది. “రక్తంలో లేకపోతే ఇటుకల్లో ఉందా తల్లీ?”

హాలంతా నవ్వింది. డాక్టర్ ఫెల్డర్ కూడా నవ్వారు. “ఇటుకల్లో కాదు మేడమ్. పని లేకపోవడంలో ఉంది. ఎవరి దగ్గర కూర్చుని ఏం నేర్చుకుంటాడో అందులో ఉంది. ఒకసారి దొంగ అని పిలిచాక మళ్ళీ పేరుపెట్టి పిలుస్తామా లేదా అన్నదాంట్లో ఉంది. సరే, మీరే చెప్పండి. మీ వీధి మూలన కుర్రాళ్ళు నిలబడితే మీరేం చేస్తారు?”

వెర్లీన్ లేచి నిలబడి, ఈల సర్దుకుని, గొలుసు సంగతంతా వివరంగా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

“చాలా బావుంది” అన్నారు డాక్టర్ ఫెల్డర్. “ఫోన్ చేసేముందు ఏం చేస్తారు?”

“ముందా?”

“అవును, ముందు.”

నేను చూస్తూనే ఉన్నాను. వెర్లీన్ ఈల పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. 

తిరిగొస్తుంటే దారంతా గడ్డకట్టిన మంచు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది.

“హోసియా, కోర్టెజ్‌ని మొదటిసారి తీసుకెళ్ళారే, ఆ రోజు ఫోన్ చేసింది నేను” అంది.

“అందరం చేశాం కదా.”

“ముందు చేసింది నేను. వాడి మొదటి పన్ను ఊడింది నా వంటింట్లో. బెండకాయ పెడితే కంచం కింద దాచేవాడు. అంత తెలిసి కూడా కిటికీలోంచి చూసి ‘మూలన నలుగురు’ అన్నాను. తలుపు తీసి ‘ఒరేయ్ కోర్టెజ్, ఇంటికి రారా’ అని ఒక్క కేక పెడితే పోయేది.”

“కేకేస్తే వచ్చేవాడా?”

“రాకపోతే అప్పుడు చేసేదాన్ని ఫోను.”

“వెర్లీన్, వాడు నా రికార్డులు...”

“నీ రికార్డుల సంగతి మేయరుకి కూడా తెలుసు. కింద చూసి నడువు, పడతావు.”

మార్చి నెలలో కోర్టెజ్ విడుదల తేదీ దగ్గరపడిందని తెలిసింది. మా రాష్ట్రంలో తేదీ ఒక్కటీ వస్తే చాలదు. పెరోలు మీద బయటికి రావాలంటే ఫలానా ఇంట్లో ఉంటానని ఒక ఇల్లు చూపించాలి. ఆఫీసరు వచ్చి చూసి ఒప్పుకోవాలి. ఇల్లు లేనివాడు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి, పెరోలు కాలమంతా లోపలే గడుపుతాడు. వాడికి తల్లి లేదు, ఇల్లు లేదు.

“నా ఇంటి కింద వెనక గది ఖాళీగానే ఉంది” అంది వెర్లీన్. ఆ మాట అన్నాక ఇక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆపడానికి ఆవిడ పెట్టిన నిబంధనే ఒకటి ఉంది. వీధిలో దొంగతనం చేసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే సంఘంలో ఏ పదవీ ఉండకూడదు. రాగి దొంగతనాలు జోరుగా ఉన్న రోజుల్లో తనే ఈల ఊది, అందరిచేతా చేతులెత్తించింది. నిబంధన ఎత్తెయ్యమని అడగడానికి ఇప్పుడు తనే సమావేశం పిలిచింది.

అది ఎదురింటి జ్యువెల్ స్టాంప్స్ ముందుగదిలో జరిగింది. జ్యువెల్ బడిలో వంట చేసి రిటైరైన మనిషి. మొగుడు వదిలేసిపోతే ఇద్దరు కొడుకుల్ని ఒంటిచేత్తో పెంచింది. మాట కరుకు, కేకు మెత్తన.

“నా కొడుకులూ ఈ వీధిలోనే పెరిగారు మిస్ వెర్లీన్” అంది జ్యువెల్. “ఇదే బడి, ఇదే మూల, ఇంట్లో తండ్రి లేడు. వాళ్ళు దొంగలు కాలేదే? ఆ డాక్టరమ్మ ఏం చెప్పినా, దొంగతనం చేసిన చెయ్యి వాడిది. పనిలేకపోవడానిది కాదు.”

“చెయ్యి వాడిదే. నేను కాదన్నానా? అందుకే జైలుకెళ్ళాడు” అంది వెర్లీన్. “నీ పిల్లలు చెడిపోలేదు, సంతోషం. నువ్వు పెంచిన తీరు అలాంటిది. కానీ ఒక్కటి అడుగుతాను చెప్పు. బడి అయిపోగానే వాళ్ళు ఎక్కడికెళ్ళారు?”

“మా అన్నయ్య రంగులేసే బండి మీదికి.”

“అదీ సంగతి. మీ అన్నయ్య బండి ఆపి ఎక్కండ్రా అన్నాడు. కోర్టెజ్ కోసం ఆగిన బండి ఒక్కటే. అది మనం పిలిచిన పోలీసు బండి.”

 జ్యువెల్ కేకు పళ్ళెం పక్కకి నెట్టింది.

“బాగా చెప్పారు. రేపు మళ్ళీ గోడలు తవ్వితే?”

“తవ్వితే నేనే పట్టిస్తాను. మాటంటే మాటే. కానీ ఇల్లు లేక లోపల ఉంచేస్తే, ఇంకో రెండేళ్ళకి ఇంకా పెద్ద దొంగలతో తిరిగి వస్తాడు. అప్పుడూ ఈ మూలకే వస్తాడు జ్యువెల్. వాడికి తెలిసిన మూల ఇదొక్కటే.”

చేతులెత్తారు. నిబంధన ఎత్తెయ్యడానికి వీల్లేదని ఎక్కువమంది. అందులో నా చెయ్యీ ఉంది. వెర్లీన్ ఒక్కొక్కరి మొహం చూసింది, నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత మెళ్ళోంచి ఈల తీసి జ్యువెల్ ఒళ్ళో పెట్టింది.

“మరీ బలంగా ఊదకు, లోపలి గింజ ఇరుక్కుంటుంది” అని కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. జ్యువెల్ ఆ ఈల మెళ్ళో వేసుకోలేదు. సోఫా పక్క బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే నా తలుపు బాదిన చప్పుడు.

“వెనక గదిలో సింకు కింద గొట్టం కారుతోంది. నీ రెంచీ పట్టుకుని రా” అంది వెర్లీన్.

“నిన్న నేను ఎటు చెయ్యెత్తానో చూశావుగా?”

“చూశాను. ఓటు నీది, గొట్టం నాది. ఎల్లుండి ఆఫీసరు వస్తున్నాడు.”

అలా ఒక గొట్టాల దొంగ ఉండబోయే గదికి, ఆ దొంగ ముంచిన మనిషి గొట్టం బిగించాడు. సింకు కింద వెల్లకిలా పడుకుని తిట్టుకుంటూనే బిగించాను. తిట్లన్నీ వింటూ ఆవిడ నా కాళ్ళ దగ్గర నిలబడి కిటికీ తెరలు కుట్టింది.

ఆఫీసరు వచ్చి గది చూశాడు, తాళాలు చూశాడు, సరేనన్నాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. “కొత్త కేసేమీ కాకూడదమ్మా. వీధిలో గొడవని పోలీసులు మళ్ళీ పట్టుకెళ్ళారంటే, మీరెంత మంచివారైనా నేను చెయ్యగలిగేది లేదు. వెనక్కే.”

“విన్నావుగా” అంది వెర్లీన్ నాతో, నేనేదో చెయ్యబోతున్నట్టు.

కోర్టెజ్ ఏప్రిల్లో వచ్చాడు. ముప్పై నిండని మనిషికి చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు. కళ్ళు ఎత్తేవాడు కాదు. మొదటి రోజే వెనక గదిలో దూరి తలుపేసుకున్నాడు. వెర్లీన్ కంచం పట్టుకెళ్ళలేదు.

“కోర్టెజ్! అన్నం పైన ఉంది. తిని ముందు మెట్ల మీద కూర్చో” అని కేకేసింది. కిటికీ తీసి ఉంది కాబట్టి మొత్తం నాకు వినపడింది.

“మెట్ల మీదా? వద్దు మిస్ వెర్లీన్. కనపడితే ఫోన్లు చేస్తారు.”

“కనపడకపోతేనే చేస్తారు. రోజూ సాయంత్రం అక్కడ కూర్చుంటావు. దారిన పోయే ప్రతివాళ్ళకీ పేరుపెట్టి గుడ్ ఈవినింగ్ చెబుతావు.”

“వాళ్ళు పలక్కపోతే?”

“మర్నాడు మళ్ళీ చెబుతావు. నిన్ను పలకరించమని నేను వాళ్ళని బతిమాలను. నువ్వు మానితే మాత్రం ఊరుకోను.”

ఆవిడ చెప్పిందల్లా వాడు చేశాడు. “గుడ్ ఈవినింగ్ మిస్ జ్యువెల్.” జ్యువెల్ తన తలుపు తాళం తీసుకుని లోపలికి పోయేది. “గుడ్ ఈవినింగ్ మిస్టర్ బినియన్.” అది నాకు. నేను గొంతు సవరించుకునేవాణ్ణి, దాన్ని జవాబనుకున్నా అనుకోకపోయినా వాడిష్టం. ఒకరోజు “మిస్టర్ బినియన్, మీ రికార్డుల గురించి...” అని మొదలుపెట్టాడు. “ఆ మాట ఎత్తకు” అన్నాను. ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ “గుడ్ ఈవినింగ్ మిస్టర్ బినియన్.” మొండితనంలో వాడికి గురువు దొరికింది.

పనికూడా ఆవిడే పట్టింది. మా చర్చి పెద్దల్లో ఒకరైన డీకన్ తమ్ముడికి ఊరి మధ్య ఆఫీసు మేడలు తుడిచే కాంట్రాక్టు ఉంది. ఆ డీకన్ చెవిలో పోరగా పోరగా, ఆయన ప్రాణం విసిగి తమ్ముడితో చెప్పాడు. పనివాళ్ళను ఎక్కించుకునే వ్యాను సాయంత్రం పూట మా మూలన ఆగుతుంది. కాబట్టి కోర్టెజ్ మళ్ళీ ఆ మూలనే, ఆ బోర్డు కిందే నిలబడాలి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వ్యాను టైముకి వస్తున్నన్నాళ్ళు తట్టాల్సిన అవసరం రాలేదు.

మే నెలలో ఒక సాయంత్రం వ్యాను ఆలస్యమైంది. ఇంకా ఎండ ఉంది. కోర్టెజ్ భోజనం సంచీ పట్టుకుని నిలబడ్డాడు. పక్క వీధి కుర్రాళ్ళు ముగ్గురు అటుగా వస్తూ, ఎప్పుడొచ్చావని అడుగుతూ ఆగారు. నేను వంటింట్లో బీన్స్ వండుకుంటున్నాను. ఫోన్ మోగింది.

“మూలన నలుగురు” అంది జ్యువెల్. పెట్టేసింది.

ఇన్నేళ్ళ అలవాటు. రిసీవరు చేతిలో ఉంది, వేలు నంబరు మీదికి పోయింది. ముందుగది కిటికీలోంచి బయటికి చూశాను. జ్యువెల్ ఇంటి నుంచి చూస్తే మూలనున్నవాళ్ళ వీపులు కనపడతాయి. నా ఇంటి నుంచి మొహాలు కనపడతాయి. సంచీ పట్టుకుని, రోడ్డువైపే చూస్తూ, వ్యాను కోసం మెడ సాచి నిలబడ్డాడు లొరెట్టా కొడుకు. తల్లి బస్సు కోసం అచ్చం అలాగే మెడ సాచేది.

రిసీవరు పెట్టేసి, వెర్లీన్ ఇంటివైపు గోడమీద గట్టిగా కొట్టాను. “వెర్లీన్! గొలుసు మొదలైంది! కోర్టెజ్ అక్కడే ఉన్నాడు!”

నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసరికి ఆవిడ మడతకుర్చీ చంకన పెట్టుకుని నడిచిపోతోంది. పరిగెత్తలేదు. పరిగెత్తే మోకాళ్ళు కావు అవి. మూలకి వెళ్ళి, సరిగ్గా బోర్డు కింద కుర్చీ విప్పుకుని కూర్చుంది. ఊరికే ఉండకూడదని తను రాయించిన చోటే, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను కూడా నా వరండాలోంచి కుర్చీ లాక్కుపోయాను. స్టవ్వు ఆర్పడం మర్చిపోయానని గుర్తొచ్చింది గానీ వెనక్కి వెళ్ళలేదు.

పక్క వీధి కుర్రాళ్ళు వ్యవహారం అర్థమై జారుకున్నారు. కోర్టెజ్ కదలబోతే, “నిలబడు. నువ్వేం తప్పు చేశావని పోతావు?” అంది వెర్లీన్.  “మిస్ వెర్లీన్, నన్ను వెనక్కి పంపేస్తారు” అన్నాడు. “నిలబడమన్నాను” అంది.

పోలీసు బండి వచ్చింది. గొలుసు బాగానే పనిచేసింది మరి. ఇద్దరు దిగారు. కోర్టెజ్‌ని బండి బానెట్ మీద చేతులు పెట్టమన్నారు. వాడు సంచీ నేల మీద పెట్టి, చేతులు చాపాడు. పేరు అడిగి రేడియోలో చెప్పారు. పెరోలు సంగతి తెలిసింది.

“ఇతను నా ఇంట్లో ఉంటాడు. పనికి పోతున్నాడు” అంది వెర్లీన్ కూర్చునే.

“ఇంటివాళ్ళు అలాగే చెబుతారమ్మా” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు మర్యాదగానే. “ఈ వీధి నుంచి మాకు వరసగా ఫోన్లు వచ్చాయి. ఫోన్ చేసినవాళ్ళు ఎవరు?”

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. జనం గుమ్మాల్లోకి వచ్చారు గానీ మెట్లు దిగలేదు. జ్యువెల్ ఒక్కతే ఇంటి చెప్పులతో రోడ్డు దాటి వచ్చింది. బానెట్ మీద చేతులు, రెండు కాళ్ళూ ఎడం చేసి నిలబడ్డ కోర్టెజ్ ఆవిణ్ణి చూశాడు.

“గుడ్ ఈవినింగ్ మిస్ జ్యువెల్” అన్నాడు.

జ్యువెల్ ఉన్నచోట ఆగిపోయింది.  నోరు ఊరుకోదు కదా నాది.

“ఆఫీసర్, ఇలా చూడండి. నా పేరు హోసియా బినియన్. ఈ రెండో ఇల్లు నాది. వీడు కోర్టెజ్ గెయిన్స్, లొరెట్టా కొడుకు. నా సెల్లార్ ముంచింది వీడే. మా నాన్న రికార్డులు నాశనం చేసింది వీడే. వీణ్ణి నాకంటే బాగా ఎరిగినవాడు ఈ వీధిలో లేడు. పనికి తీసుకెళ్ళే వ్యాను కోసం నిలబడ్డాడు. నా ఎదురుగా కిటికీలోంచి కనపడుతూనే ఉన్నాడు. వీడు మా వీధివాడు.”

పోలీసాయనకి నేనెటు మాట్లాడుతున్నానో అర్థం కాలేదు. “మీరు ఇతని మీద ఫిర్యాదు చేస్తున్నారా, ఇతనికి పూచీ ఉంటున్నారా?”

“రెండూ” అన్నాను.

ఆయన జ్యువెల్ వైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా. ఫోన్ చేసింది మీరేనా? ఇతను ఏమైనా చేశాడా?”

 జ్యువెల్ నేల మీది భోజనం సంచీ కేసి చూసింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి చేత్తో పట్టుకుంది.

“నేనే చేశాను. నాకు వీపులే కనపడ్డాయి” అంది. తర్వాత కోర్టెజ్ వైపు తిరిగి, “గుడ్ ఈవినింగ్ కోర్టెజ్” అంది.

వాడు చేతులు తీసుకోవచ్చన్నారు. అదే సమయానికి వ్యాను వచ్చి, పోలీసు బండిని చూసి ఆగకుండా పోబోతే, వెర్లీన్ లేచి రోడ్డు మీదికి వెళ్ళి అడ్డంగా నిలబడింది. జ్యువెల్ సంచీ అందించింది. కోర్టెజ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ముగ్గురం ఇళ్ళకి నడిచాం. నా బీన్స్ మాడి, గిన్నె అడుగు నల్లబడింది. అది కూడా కోర్టెజ్ లెక్కలోనే వేశాను.

మర్నాడు సాయంత్రం నేను బూట్లు విప్పుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల జ్యువెల్.

“మూలన ఒక్కడే ఉన్నాడు” అంది.  “కోర్టెజ్. వ్యాను ఇంకా రాలేదు. నేను కుర్చీ తీసుకుని వెళ్తున్నాను, నువ్వూ రా. నీ ఇద్దరికీ చెప్పు.”

పెట్టేసింది. నేను నా ఇద్దరికీ ఫోన్ చేశాను.